సైకిల్ షెడ్డు గురువారాలు

ఈమధ్య ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. మనసు జబ్బులున్నవాళ్ళతో పని చేసే ఉద్యోగంలో కొత్తగా చేరిందట. సంచిలోంచి నోటుబుక్కు తీసి, "సార్, డిప్రెషన్ ఉన్నవాళ్ళూ, బైపోలార్ ఉన్నవాళ్ళూ ఒకచోట కూర్చుని ఒకరికొకరు సాయం చేసుకునే పీర్ సపోర్ట్ గ్రూపు ఈ ప్రాంతంలో మొట్టమొదట మీరే ప్రారంభించారట కదా?" అని అడిగింది.

"నేను కాదమ్మా, జీపు" అన్నాను.

ఆ అమ్మాయి శ్రద్ధగా 'జి.పి.' అని రాసుకుని, కింద రెండు గీతలు గీసి, "అంటే ఏమిటి సార్?" అంది.

అందుకే ఇది రాస్తున్నాను. నోటితో చెబితే ఇలాంటి గీతలు పడతాయి. ముప్పై మూడేళ్ళ నా ఉద్యోగంలో వచ్చిన ప్రమోషన్లూ, ఆగిపోయిన ఇంక్రిమెంట్లూ మీకెందుకు, మా ఆవిడకే విసుగు. పంతొమ్మిది వందల అరవైల చివర రెండేళ్ళపాటు జరిగిన సంగతి ఒక్కటి చెబుతాను. అందులో నేనొక తప్పు చేశాను. ఒకే ఒక్క మాట నాకు అర్థం కాలేదు, అర్థమైందనుకున్నాను. దానివల్ల ఒక రైతు ప్రాణం పోయేదే. పోకుండా ఆపినవాళ్ళున్నారు. ఆ జాబితాలో నా పేరు లేదు.

మొగ నర్సమ్మ

మాది తెనాలి దగ్గర పల్లె. మద్రాసులో నర్సింగు చదివి, కొన్నాళ్ళు పిచ్చాసుపత్రిలో శిక్షణ పొంది, శ్రీకాకుళానికీ విజయనగరానికీ మధ్య బస్సులు ఆగే ఒక ఊరి ఆసుపత్రిలో చేరాను. ఊరి పేరు రాయను. అక్కడ నాతో పని చేసినవాళ్ళ మనవలు ఇప్పుడక్కడే పని చేస్తున్నారు.

మగవాడు నర్సుగా రావడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. మొదటి వారంలోనే నాకు 'మొగ నర్సమ్మ' అని పేరు పెట్టేశారు. ఎదురుగా మాత్రం 'బాబూ' అనేవారు. ఇస్త్రీ తెల్ల చొక్కా వేసుకుని, జేబులో రెండు రంగుల కలాలు, వాటి వెనక దాచిన బీడీ కట్ట పెట్టుకుని తిరిగేవాణ్ణి. నీలం సిరా హాజరైన రోగులకి, ఎర్ర సిరా గైరుహాజరైనవాళ్ళకి. అంత శుభ్రంగా రిజిస్టరు రాసేవాడు జిల్లాలో లేడని నా నమ్మకం. ఆ నమ్మకం గురించి కాస్త ఆగి చెబుతాను.

పదిహేను రోజులకో గురువారం విశాఖపట్నం నుంచి మనసు జబ్బుల డాక్టరు గారొచ్చేవారు. జీపులో పదింటికి రావాలి. నేనున్న రెండేళ్ళలో ఆ జీపు పదింటికి వచ్చింది రెండుసార్లు. మిగతా రోజుల్లో ఒంటిగంట, రెండు. పొద్దున్న ఏడింటి బస్సుకి దిగిన రోగులు అప్పటిదాకా ఎక్కడుండాలి? వరండాలో కూర్చుంటే, పిచ్చివాళ్ళని మా మధ్య కూర్చోబెట్టారని జ్వరాలవాళ్ళు గొడవ. అందుకని వెనకాల సిబ్బంది సైకిళ్ళు పెట్టుకునే రేకుల షెడ్డులో కూర్చోబెట్టాం. సైకిళ్ళు మాత్రం ఏ గొడవా చేయలేదు.

గొడవ నేను చేశాను. రోగులు రోగులతో రోగం గురించి మాట్లాడుకుంటే ఒకరి పిచ్చి ఇంకొకరికి ఎక్కుతుందని మాకు శిక్షణలో చెప్పారు. నేను అట్ట మీద నా అందమైన అక్షరాలతో రాసి షెడ్డు స్తంభానికి వేలాడదీశాను: 'రోగులు పరస్పరం మాట్లాడుకోరాదు. షెడ్డులో పొగ తాగరాదు.'

ఆ షెడ్డుకి వచ్చేవాళ్ళలో సగం మందికి చదువు రాదు. చదువొచ్చిన సగం మంది దాన్ని చదివి, దాని గురించే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

షెడ్డోళ్ళు

వాళ్ళు తమని తాము షెడ్డోళ్ళమని చెప్పుకునేవారు. వచ్చే నలభై మంది రోగుల్లో ప్రతిసారీ కలిసి కూర్చునేవాళ్ళు పది పన్నెండు మంది గాని ఈ కథకి ముగ్గురు చాలు.

మొదటిది అప్పలనరసమ్మ. శృంగవరపుకోట సంతలో చింతపండు అమ్మేది. యాభై దాటిన మనిషి, నోరు తిరిగిన మనిషి. అలాంటావిడ ఒక ఏడాది పొడుగునా గోడవైపు తిరిగి పడుకుంది. తినమంటే తినలేదు, లెమ్మంటే లేవలేదు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందన్నారు, బద్ధకమన్నారు, నాటకమన్నారు. మాత్రలతో తేరుకుంది. మళ్ళీ ఒకసారి దిగింది, మళ్ళీ తేరుకుంది.

రెండో ఆయన కామేశం మేష్టారు. విజయనగరంలో పిల్లలకి వయొలిన్ నేర్పేవారు. ఈయనది రెండు వైపులా ఉన్న జబ్బు. కింద ఉన్నప్పుడు వయొలిన్ పెట్టె మీద దుమ్ము పేరుకునేది. పైన ఉన్నప్పుడు నిద్రుండేది కాదు, అలుపుండేది కాదు. ఒకసారి వారం రోజులు వీధిలో ప్రతి గడపా ఎక్కి, పాలవాడితో సహా అందరికీ వర్ణం నేర్పుతానని పట్టుబట్టారు. పాలవాడు మొహమాటానికి సరిగమలు పాడాడు. నాలుగో రోజున వేరే వీధికి మారిపోయాడు.

మూడోవాడు సూర్నాయుడు. రాజాం దగ్గర పల్లెలో నాలుగెకరాల రైతు, నలభై ఏళ్ళుంటాయి. ఆరు నెలలుగా పొలం మొహం చూడలేదు. మాటలు కూడా పోయాయి, అడిగినదానికి తల ఊపేవాడు. అతని మాటలన్నీ భార్య పైడమ్మే మాట్లాడేది. చేతిలో అన్నం మూట, చంకలో గొడుగు, పక్కన మొగుడు, ఈ మూడింటినీ జాగ్రత్తగా బస్సెక్కించి తెచ్చేది.

బోర్డుని లెక్కచేయకుండా వీళ్ళేం మాట్లాడుకుంటున్నారా అని నేను గోడ పక్కన నిలబడి వినేవాణ్ణి. దొంగచాటుగా వినడాన్ని నేనప్పట్లో 'పర్యవేక్షణ' అనేవాణ్ణి. మొదటిసారి విన్నది ఇదీ:

"మేష్టారూ, ఈయేల పైనా, కిందా?" అంది అప్పలనరసమ్మ.

"మధ్యలోనే ఉన్నానమ్మా" అన్నారు మేష్టారు.

"మద్దెనుంటే కూకోకముందే పెట్టె తెరిసి ఆ తీగలు బిగిస్తారేటి? పోయినసారీ ఇలగే మొదలైనాది. రేతిరి ఎంత సేపు తొంగున్నారు?"

మేష్టారు ఆలోచించి, పెట్టె మూసి, "ఈవేళ డాక్టరు గారితో చెబుతాను" అన్నారు.

నేను ఆయన్ని మూడు నెలలుగా చూస్తున్నాను. పెట్టె ఎప్పుడు తెరుస్తున్నారో ఒక్కసారీ గమనించలేదు. నా రిజిస్టరులో ఆ గడి లేదు.

అలాగని షెడ్డోళ్ళంతా మహాజ్ఞానులని అనుకోకండి. ఇలాంటి గుంపుల గురించి మీకు సభల్లో చెప్పేవాళ్ళు ఈ ముక్క దాచేస్తారు. ఒకసారి ఎవరో ఏజెన్సీ కొండల నుంచి ఆకు పసరు తెచ్చారని, దానితో జబ్బు మూలాలతో సహా పోతుందని, షెడ్డు షెడ్డంతా మాత్రలు మానేసింది. రెండు వారాల తర్వాత పన్నెండు మందిలో ఏడుగురు గోడవైపు తిరిగి పడుకున్నారు, ఇద్దరు పాడుతున్నారు. ఆ పూట నేను అరిచిన అరుపు జ్వరాల వార్డు దాకా వినబడింది. నేను చేసిన మంచి పనుల్లో అదొకటి. మాత్ర సంగతి డాక్టరుది, మనిషి సంగతి షెడ్డుది అని అప్పలనరసమ్మే తర్వాత గీత గీసింది.

మా డాక్టరు గారు

ఆయనది తిరునల్వేలి వైపు. మంచి డాక్టరు. ఆయనకి తెలుగు మూడు మాటల్లో ఉండేది: నిద్ర, తిండి, ఏడుపు. ఆ మూడింటి చివర ప్రశ్నార్థకం పెట్టి రోగిని అడిగేవారు. జవాబు రాగానే నా వైపు చూసేవారు. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాలి. రెండు గంటల్లో నలభై మందిని చూడాలి, చీకటి పడకముందే జీపు తిరిగి వెళ్ళాలి. కాబట్టి నేను చెప్పిందే వేదం.

తెనాలి కుర్రాడు శ్రీకాకుళం తెలుగుని తిరునల్వేలి డాక్టరు కోసం ఇంగ్లీషు చేయడం. దీనివల్ల ప్రమాదం రాకపోతే ఆశ్చర్యపోవాలి గాని, వస్తే ఎందుకు ఆశ్చర్యపోవాలి? నాకు మాత్రం అప్పట్లో గర్వంగా ఉండేది. ఏటి అంటే ఏమిటి, తొంగోడం అంటే పడుకోవడం అని ఓ ఇరవై మాటలు నేర్చుకుని, ఇక్కడి భాష నాకు వచ్చేసిందనుకున్నాను. మీకిది గట్టిగా చెబుతున్నాను. అసలు రాని భాషతో ప్రమాదం తక్కువ, ఎందుకంటే మళ్ళీ అడుగుతాం. వచ్చనుకున్న భాషతోనే కొంపలంటుకుంటాయి.

తెలివొచ్చింది

ఆ గురువారం సూర్నాయుడి వంతు వచ్చింది. ఎప్పటిలాగే తల వంచుకుని కూర్చున్నాడు. డాక్టరు గారు "నిద్ర?" అన్నారు.

పైడమ్మ నా వైపు తిరిగి, "రోజూ బేగి తెలివొచ్చీస్తన్నాది బాబూ. మునుపులాగ కాదు. ఎద్దుల్ని తమ్ముడికి అప్పసెప్పీసినాడు. పొలం కాయితాలు ఏ పెట్టెలో ఉన్నాయో నాకు సూపించీసినాడు. మరి నాను ఏటి సెయ్యాల?" అంది.

నాకు ఒళ్ళు పొంగిపోయింది. బేగి, అంటే తొందరగా, తెలివొచ్చేస్తోందట. మా శిక్షణలో 'ఇన్‌సైట్' అని ఒక పెద్ద మాట నేర్పారు. తనకి జబ్బుందని రోగికి తెలిసిరావడం, బుద్ధి మళ్ళీ తన చోటికి రావడం. పైగా ఎద్దుల్ని అప్పజెప్పాడు, కాగితాలు చూపించాడు. ఆరు నెలలు మూలన పడి ఉన్నవాడు ఇంటి బాధ్యత చూసుకుంటున్నాడు.

"మంచిదే కదమ్మా, రానీ" అన్నాను పైడమ్మతో.

ఆవిడ నా మొహంలోకి ఒక రకంగా చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. అప్పుడు మాత్రం, పల్లెటూరి మనిషి, సంతోషం ఎలా చూపించాలో తెలియదు పాపం అనుకున్నాను.

డాక్టరు గారితో "ఇన్‌సైట్ వచ్చింది సార్, ఇంటి వ్యవహారాలు చక్కబెడుతున్నాడు" అని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. "రొంబ మంచిది" అని మాత్రలు సగానికి తగ్గించి, రెండు నెలల తర్వాత రమ్మన్నారు. నేను నీలం సిరాతో 'చాలా మెరుగు' అని రాసి, కింద గీత గీశాను. ఆ గీత స్కేలుతో గీశాను.

మీలో ఈ ప్రాంతం వాళ్ళకి ఈపాటికి నా తప్పేమిటో తెలిసిపోయి ఉంటుంది. మిగతావాళ్ళ కోసం చెబుతాను. ఈ జిల్లాల్లో తెలివి రావడమంటే మెలకువ రావడం. అంతే. నిద్రలోంచి కళ్ళు తెరుచుకోవడం. తెల్లవారకుండానే ఆయనకి రోజూ మెలకువ వచ్చేస్తోంది, మళ్ళీ నిద్ర పట్టడం లేదు, నేనేం చేయాలి అని ఆ తల్లి నన్నడిగింది. మంచిదే, రానీ అన్నాను నేను. కుంగుదలలో తెల్లవారుజాము మెలకువ ఎంత చెడ్డ గుర్తో, ఉన్నవన్నీ ఒక్కొక్కటే అప్పజెప్పేయడం ఇంకెంత చెడ్డ గుర్తో నాకు పాఠంలో చెప్పారు. పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. కానీ ఆ గుర్తులు నా ముందుకొచ్చి తెలుగులో మాట్లాడేసరికి, నేను ఇంగ్లీషులో ఆనందపడ్డాను.

కనీసం "ఏటి సెయ్యాల" అన్న ప్రశ్న దగ్గరైనా ఆగవలసింది. మొగుడికి బుద్ధి వస్తోందంటే ఏం చేయాలని ఏ భార్యా అడగదు.

గైరుహాజరు

ఆ తర్వాత షెడ్డులో జరిగింది నాకు పదిహేను రోజుల తర్వాత గాని తెలియలేదు. తెలిశాక అప్పలనరసమ్మ చేత నాలుగైదుసార్లు చెప్పించుకున్నాను. అందుకే చూసినట్టు రాస్తున్నాను.

పైడమ్మ మొగుణ్ణి నడిపించుకుంటూ బయటికొచ్చింది. కామేశం మేష్టారి పక్కన అప్పలనరసమ్మ ఇంకా తన వంతు కోసం షెడ్డులో కూర్చుని ఉంది.

"ఏటన్నారే?" అని అడిగింది.

"తెలివొస్తే మంచిదేనట అప్పా. మాత్రలు తగ్గించినారు" అంది పైడమ్మ.

"తెలివొస్తాదా, లెగుస్తాడా?"

"తెలివొస్తాది. లెగడు. తొంగునే సూరుకేసి సూత్తాడు."

అప్పలనరసమ్మకి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆ ఏడాది గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు ఆవిడా అలాగే తెల్లవారకముందే కళ్ళు తెరిచేది. తెల్లారేదాకా ఆ సమయంలో ఏమేం ఆలోచనలు వస్తాయో ఆవిడకి తెలుసు. పుస్తకంలో చదివి కాదు.

సూర్నాయుడి ఎదురుగా చతికిలబడి, సూటిగా అడిగేసింది. "తమ్ముడా, సచ్చిపోవాలనిపిస్తన్నాదా?"

అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని నేను భయపడేవాణ్ణి. ఇప్పటికీ భయపడేవాళ్ళున్నారు. ఆరు నెలలుగా ఎవరూ అడగని ప్రశ్న అది. సూర్నాయుడు తల ఊపాడు. తర్వాత ఏడ్చాడు. ఆరు నెలల్లో అదే మొదటి ఏడుపని పైడమ్మ చెప్పింది.

నా దగ్గరికి ఎందుకు రాలేదని తర్వాత అప్పలనరసమ్మని అడిగాను. "నువ్వు మాటాడొద్దని అట్ట కట్టినావు గదా బాబూ. మేం మాటాడుకున్నది నీకెలగ సెప్తాం?" అంది. నా అక్షరాలు అంత అందంగా ఉండేవి మరి.

ఆవిడా, కామేశం మేష్టారూ డాక్టరు గారిని చూడకుండానే ఆ ఇద్దరితో కలిసి రాజాం బస్సెక్కేశారు. లోపల నేను వాళ్ళ పేర్లు రెండుసార్లు పిలిచి, ఎవరూ పలక్కపోయేసరికి, 'బాధ్యతారాహిత్యం' అని గొణుక్కుంటూ ఎర్ర సిరాతో గైరుహాజరు వేశాను.

ఆ పదిహేను రోజులూ వాళ్ళిద్దరూ సూర్నాయుడి ఇంట్లోనే ఉన్నారు. దాచవలసినవన్నీ అప్పలనరసమ్మ దాచేసింది. మాత్రల డబ్బా కొంగున కట్టుకుంది. తగ్గించమన్న మాత్రల్ని తగ్గించలేదు. మాత్ర సంగతి డాక్టరుదని గీత గీసిన మనిషి ఆ గీత తనే దాటింది. అది తప్పేనని ఆవిడే నాతో అంది, నేనేమీ అనలేదు. నాకేం మొహముందని అంటాను?

తెల్లవారుజాము కాపలా మాత్రం మేష్టారిది. ఆయన అప్పటికి పైకి ఎక్కడం మొదలైంది. మూడింటికల్లా లేచి కూర్చుంటున్నారు. ఇటు సూర్నాయుడికీ మూడింటికే మెలకువ. ఒకాయన లేచి ఊరుకోలేడు, ఇంకొకాయన మేలుకుని లేవలేడు. ఇద్దర్నీ ఒకే అరుగు మీద పడేసింది అప్పలనరసమ్మ. మేష్టారు వయొలిన్ తీసి రోజూ అదే వర్ణం వాయించేవారు. ఆ సంగీతం సూర్నాయుణ్ణి బతికించిందని రాస్తే మీకు బాగుంటుంది. కానీ అతను తర్వాత నాతో అన్నది వేరు. "ఆ గోల్లో ఏ ఆలోసనా ముందుకి సాగలేదు బాబూ. ఈయన ఎప్పుడాపుతాడా అని సూసేసరికి తెల్లారిపోయీది."

దిద్దుబాటు మీద దిద్దుబాటు

తర్వాతి గురువారం నలుగురూ కలిసి దిగారు. రెండు నెలల తర్వాత రావలసిన సూర్నాయుడు అప్పుడే ఎందుకొచ్చాడని నేను విసుక్కున్నాను. అప్పలనరసమ్మ నన్ను షెడ్డు పక్కకి పిలిచి జరిగిందంతా చెప్పింది. చెప్పి, "తెలివొచ్చిందంటే నువ్వేటనుకున్నావు బాబూ?" అని అడిగింది.

బుద్ధి వచ్చిందనుకున్నానని చెప్పాను.

"మీ ఊర్లో తెలివి ఒక్కసారే వస్తాదేటి? మా కాడ రోజూ వస్తాది" అంది.

భయం వేసింది. నిజం చెబుతాను, సూర్నాయుడి కోసం వేసిన భయం సగమే. మిగతా సగం నా ఉద్యోగం కోసం. అందుకే రెండో తప్పు చేశాను. ఇది మొదటిదానికంటే చెడ్డది, ఎందుకంటే ఇది తెలిసి చేసింది.

జీపు రాగానే లోపలికెళ్ళి, "సూర్నాయుడికి మళ్ళీ తిరగబెట్టింది సార్" అన్నాను. నా అనువాదం తప్పని చెప్పలేదు. మెరుగై మళ్ళీ దిగజారాడన్నట్టు చెప్పాను. మాత్రలు పాత మోతాదుకి వస్తాయి, నా పరువు నా దగ్గరే ఉంటుంది అని నా లెక్క.

డాక్టరు గారు నా లెక్కలో లేరు. ఆయన బుర్ర పట్టుకుని ఆలోచించారు. అంత బాగుపడినవాడు పదిహేను రోజుల్లో ఇంతలా దిగజారాడంటే ఈ మందు ఇతనికి పని చేయడం లేదన్నమాట అన్నారు. వెంటనే విశాఖపట్నంలో పిచ్చివాళ్ళ పెద్దాసుపత్రిలో చేర్చి కరెంటు పెట్టించాలి, కనీసం రెండు నెలలు అక్కడే ఉండాలి అని కాగితం తీసి రాయడం మొదలుపెట్టారు. కరెంటు చికిత్స చెడ్డదని నేననను. అది లేకపోతే బతకని వాళ్ళని చూశాను. కానీ మందు పని చేయని మనిషికి పెట్టేది, నా మాటకి బలైన మనిషికి పెట్టడం ఏమిటి?

కాగితం మీద సంతకానికి వేరే రోగి అడ్డం వచ్చాడు. ఆ ఐదు నిమిషాల్లో నేను షెడ్డుకి వెళ్ళి పైడమ్మకి చెప్పాను. ఆవిడ వెంటనే నేల మీద కూర్చుండిపోయింది.

"ఆ ఆస్పత్రికెల్తే ఇంక ఊర్లో ఈడి పేరు పిచ్చోడే బాబూ. ఇద్దరు ఆడపిల్లలున్నారు. మాత్ర మింగితే కొంచెం కొంచెం తింటన్నాడు గదా, మరి మాత్ర పని సెయ్యలేదని ఎవులు సెప్పినారు?"

సూర్నాయుడు తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. అప్పలనరసమ్మ నా దగ్గరికొచ్చింది.

"బాబూ, లోపల నువ్వేటి సెప్పినావు?"

చెప్పాను.

"అయితే ఎల్లి మల్లీ సెప్పు."

"ఉద్యోగం పోతుందమ్మా."

"పోతే మా సంతకొచ్చీ. నాను సింతపండు తూస్తాను, నువ్వు పొట్లాలు కట్టు. మంచి అక్షరాలు గదా నీయి, ధర రాసి పెడుదువు గాని."

కామేశం మేష్టారు వయొలిన్ పెట్టె భుజానికి తగిలించుకుని, "నేనూ వస్తాను పద నాయనా, తోడుంటాను" అన్నారు. వద్దని చేతులు జోడించాను. ఆయన లోపలికొస్తే డాక్టరు గారికి కూడా వర్ణం తప్పదు.

లోపలికెళ్ళి, కాగితం మీద కలం ఆనుతుండగా, "సార్, తప్పు మందుది కాదు, నాది" అన్నాను. తెలివి రావడమంటే ఇక్కడ మెలకువని, నేను ఇన్‌సైట్ అని చెప్పానని, ఇందాక అది కప్పిపుచ్చానని వరసగా చెప్పేశాను. ఆయన కలం కింద పెట్టారు. నేను చింతపండు పొట్లాలు కట్టడానికి మనసులో సిద్ధమైపోయాను.

"మా తమిళంలో తెళివు అంటే స్పష్టత" అన్నారు చివరికి. "నువ్వు ఆ మాటని తెలుగులోనే నాకు చెప్పినా, నేనూ ఇన్‌సైట్ అనే రాసేవాణ్ణి."

ఆ మాటతో నన్ను వదిలేయలేదు. మొదటి తప్పు చెవిది, రెండో తప్పు నీది, రెండోది ఇంకోసారి జరిగితే నేనే నీ ఉద్యోగం తీయిస్తాను అన్నారు. నేను చూసిన పై అధికారుల్లో తిట్టవలసిన చోట సరిగ్గా గురి చూసి తిట్టింది ఆయనొక్కరే. కాగితం చింపేశారు. మాత్రలు పాత మోతాదుకి రాశారు. అప్పుడు లేచి, నలభై మంది క్యూ వదిలేసి, నా వెనకాల సైకిల్ షెడ్డుకి నడిచారు.

షెడ్డులో నా బోర్డు ముందు నిలబడి, ఏం రాసుందని అడిగారు. చదివి ఇంగ్లీషు చేసి చెప్పాను. ఈసారి తప్పు లేకుండా చేశాను. ఆయన మొదటి వాక్యాన్ని చేత్తో చూపించి, కొట్టేయమన్నట్టు గాల్లో గీత గీశారు. నేను ఎర్ర సిరా తీసి కొట్టేశాను. ఎదురుగా ఉన్న సిమెంటు తొట్టి గట్టు మీద కూర్చుని ఆయన అప్పలనరసమ్మ వైపు తిరిగి, "నువ్వు అడుగు. నేను వింటాను" అని ఇంగ్లీషులో అన్నారు, నేను తెలుగు చేశాను. ఆ తర్వాత ప్రతి గురువారం అలాగే జరిగింది. ముందు షెడ్డు అడిగేది, తర్వాత డాక్టరు. మీరు గ్రూపు అంటున్నది అదే. జి.పి. అంటే జీపు.

కానీ నాకు గుర్తుండిపోయింది ఆ కూర్చోవడం కాదు, దానికి ముందు జరిగిన చిన్న సంగతి. డాక్టరు గారు ఇంకా బోర్డు ముందే ఉన్నారు. పైడమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది, కాగితం ఎక్కడని. నేను ఆవిడ ముందు నిలబడి, "పెద్దాసుపత్రి లేదమ్మా, ఇంటికే. తప్పు నాదని లోపల చెప్పేశాను" అన్నాను. అందరూ వినేలా చెప్పాను.

ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎవరా అని చూశాను. సూర్నాయుడు. ఆరు నెలలుగా తల ఊపడం తప్ప ఎరగని మనిషి, తల ఎత్తి, నన్ను కింది నుంచి పైదాకా తెల్ల చొక్కాతో సహా చూసి, మెల్లిగా అన్నాడు.

"ఇప్పటికొచ్చినాది బాబుకి తెలివి."

ముందు అప్పలనరసమ్మ నవ్వింది. తర్వాత షెడ్డంతా నవ్వింది. అర్థం కాకపోయినా డాక్టరు గారూ నవ్వారు. పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. నాకూ కళ్ళు నిండాయి. ఆ మాట ఇంగ్లీషులోకి ఎలా మార్చాలో నాకు ఆ రోజూ తెలియదు, ఈ రోజూ తెలియదు.

నవ్వులు ఆగాక సూర్నాయుడు నా జేబు వైపు చూసి, ఒక బీడీ ఉంటే ఇమ్మన్నాడు. పక్కనే బోర్డు మీద రెండో వాక్యం ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. బీడీ ఇచ్చి, అగ్గిపుల్ల నేనే గీశాను.